'గెట్' అర్థాలు లెక్కపెట్టకండి, దాని పక్కన ఏముందో చూడండి

ఒడిశాలోని గుణుపురం నుంచి ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. ఇంట్లో తెలుగు, పదో తరగతి దాకా ఒడియా మీడియం. ఇప్పుడు విశాఖలో ఒక ఆసుపత్రి రిసెప్షన్‌లో ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఉంది. "డిక్షనరీలో 'గెట్' అంటే పొందు అని ఉంది. కానీ 'గెట్ అప్' అంటే లేవడమట, 'గెట్ వెట్' అంటే తడవడమట, 'ఐ డోంట్ గెట్ ఇట్' అంటే అర్థం కాలేదనట. ఈ ఒక్క మాటకి ఎన్ని అర్థాలండీ? ఎలా గుర్తుపెట్టుకోవాలి?" అని అడిగి, తను రాసిన మూడు వాక్యాలు పెట్టి దిద్దమంది. "ఐ గాట్ హంగర్." "ఐ రిపేర్డ్ మై ఫోన్ ఇన్ ద షాప్." "ఐ గాట్ డౌన్ ఫ్రమ్ ద ట్రైన్."

నేను ఆంధ్ర సరిహద్దుని ఆనుకుని ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో చాలా ఏళ్లుగా ఇంగ్లీషు చెబుతున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్లంతా ఇంచుమించు మీలాంటివాళ్లే. అటు పాతపట్నం నుంచి వచ్చేవాళ్లకి బడిలోనూ తెలుగే, ఇటు కాశీనగర్, గుణుపురం వాళ్లకి బడిలో ఒడియా. ఈ ఇద్దరి తప్పులూ వేరు వేరుగా ఉంటాయి. మీ మూడు వాక్యాలు మాత్రం తెలుగు, ఒడియా రెండూ కలిసి తెచ్చిపెట్టినవే.

ముందు లెక్క సంగతి. ఆక్స్‌ఫర్డ్ వాళ్ల పెద్ద నిఘంటువు కోసం 'రన్' అనే క్రియ ఒక్కదానికే 645 అర్థాలు తేల్చారు. 'గెట్' కూడా అలాంటి బాపతే. అవి లెక్కపెట్టడం నిఘంటువు రాసేవాళ్ల పని, అందుకు వాళ్లకి జీతం ఇస్తారు. మనం లెక్కపెట్టి లాభం లేదు. 'గెట్'కి సొంతంగా ఉన్న అర్థం చాలా తక్కువ. ఇంతకుముందు లేనిది ఇప్పుడు అయింది, లేదా చేతికొచ్చింది, అంతే. మిగతా అర్థమంతా దాని వెనక వచ్చే మాట ఇస్తుంది. అందుకని 'గెట్' కనబడగానే దాన్ని వదిలేసి పక్క మాట చూడండి.

పక్కన వస్తువు పేరు ఉంటే, అది చేతికొచ్చిందని. గాట్ ఎ జాబ్, గాట్ ఎ లెటర్, గాట్ సిక్స్టీ మార్క్స్. పక్కన గుణం చెప్పే మాట ఉంటే, అలా మారిందని. గాట్ వెట్, గాట్ టైర్డ్, గాట్ యాంగ్రీ. ఈ తేడా ఎంత సన్నగా ఉంటుందో చూడండి. "ఐ గాట్ ఎ కోల్డ్" అంటే నాకు జలుబు చేసింది. "ద టీ గాట్ కోల్డ్" అంటే టీ చల్లారిపోయింది. మధ్యలో ఉన్న ఆ చిన్న 'ఎ' పోతే జలుబు కాస్తా చల్లదనమైపోయింది. ఇక్కడ 'ఎ' ఉంటే తర్వాతది పేరు, అంటే నామవాచకం. లేకపోతే గుణం, అంటే విశేషణం.

ఇదే కారణంతో ఇంకో పెద్ద పొరపాటు జరుగుతుంది. "మా అక్క డాక్టరయింది" అనడానికి "మై సిస్టర్ గాట్ ఎ డాక్టర్" అంటారు పిల్లలు. డాక్టర్ అనేది పేరు కాబట్టి, వినేవాళ్లకి అక్కకి డాక్టరు దొరికాడనో, ఆవిడ డాక్టర్ని పిలిపించిందనో తోస్తుంది. పేరు దగ్గర 'బికేమ్' వాడాలి. బికేమ్ ఎ డాక్టర్, బికేమ్ ఎ టీచర్. గుణం దగ్గర 'గెట్' హాయిగా పనిచేస్తుంది.

మీ మొదటి వాక్యం ఇక్కడే ఇరుక్కుంది. 'హంగర్' అంటే ఆకలి, అది పేరు. 'హంగ్రీ' గుణం. కాబట్టి "ఐ గాట్ హంగ్రీ", లేదా మామూలుగా "ఐ యామ్ హంగ్రీ". 'యాంగర్', 'యాంగ్రీ' కూడా ఇంతే. అసలు ఇది ఎందుకు జరుగుతోందంటే, తెలుగులో "నాకు కోపం వచ్చింది" అంటాం. నాకు, కోపం అనే ఒక పేరు, వచ్చింది. ఒడియాలో కూడా "మోతే భొకొ లాగుచి", నాకు ఆకలి వేస్తోంది అనే కదా. రెండు భాషల్లోనూ ఆకలీ కోపమూ బయటి నుంచి వచ్చి మన మీద పడతాయి. ఇంగ్లీషులో మనిషే ఆకలిగా, కోపంగా మారతాడు.

కానీ ఈ 'వచ్చింది' అనే మాట మీకు శత్రువేమీ కాదు, నిజానికి మంచి చుట్టం. తెలుగులో "నాకు ఫలానాది వచ్చింది" అన్నచోటల్లా ఒకసారి 'గెట్' పెట్టి చూడండి. ఉద్యోగం వచ్చింది, జీతం వచ్చింది, ఉత్తరం వచ్చింది, మార్కులు వచ్చాయి, జ్వరం వచ్చింది, సెలవు వచ్చింది. అన్నిటికీ 'గాట్' సరిపోతుంది. తిరగేయాల్సింది ఒక్కటే. తెలుగులో 'నాకు' ఉన్నచోట ఇంగ్లీషులో 'ఐ' వస్తుంది. ఉద్యోగం నడిచి నా దగ్గరికి రాదు, నేనే దాన్ని అందుకుంటాను. ఒడియా మీడియం పిల్లలకి ఇది కాస్త సుళువు, ఎందుకంటే "ము చాకిరి పాఇలి" అని అక్కడ నేను అనే మాటే ముందుంటుంది. జ్వరం దగ్గరికి వచ్చేసరికి మాత్రం "మోతే జొరొ హెలా" అని ఒడియా కూడా అడ్డం తిరుగుతుంది.

నిద్ర దగ్గర జాగ్రత్త. "నిద్ర వస్తోంది" అంటే "ఐ యామ్ గెటింగ్ స్లీపీ". "ఐ యామ్ గెటింగ్ స్లీప్" అంటే కుదరదు. "ఐ డిడ్ నాట్ గెట్ ఎనీ స్లీప్" అనేది వేరే సంగతి. అది నిద్ర దొరకలేదనడం. ఆసుపత్రి ఉద్యోగంలో నైట్ డ్యూటీ చేసినవాళ్ల నోట రోజూ వినబడే మాట.

రెండో చుట్టం 'పోయింది'. దీన్ని ఏ గ్రామర్ పుస్తకంలోనూ చూడలేదు గానీ, మన పిల్లలకి ఇంతకన్నా బాగా పనికొచ్చింది లేదు. తడిసిపోయాను, అలిసిపోయాను, విరిగిపోయింది, తప్పిపోయాం, ఇరుక్కుపోయాం, దొరికిపోయాడు. వరసగా గాట్ వెట్, గాట్ టైర్డ్, గాట్ బ్రోకెన్, గాట్ లాస్ట్, గాట్ స్టక్, గాట్ కాట్. మనం తడిశాను అనకుండా తడిసిపోయాను అన్నప్పుడు, అయ్యో, అలా జరిగింది అనే బాధ ఏదో ఉంటుంది కదా. 'వాజ్' బదులు 'గాట్' పెట్టినప్పుడు ఇంగ్లీషులో కూడా అదే ఛాయ చాలాసార్లు వస్తుంది. "మై సైకిల్ వాజ్ స్టోలెన్" అని పోలీసు రిపోర్టులో రాస్తారు. "మై సైకిల్ గాట్ స్టోలెన్" అని స్నేహితుడితో వాపోతారు.

అయితే 'పోయింది' అన్న ప్రతిచోటా 'గాట్' దిగదు. చచ్చిపోయాడు అనడానికి "హి గాట్ డైడ్" అని ఒకాయన అప్లికేషన్‌లో రాసి తెచ్చాడు, తండ్రి పోయాడని సెలవు అడుగుతూ. జరిగిపోయింది అంటే "గాట్ హాపెండ్" కాదు, పడిపోయాడు అంటే "గాట్ ఫాలెన్" కాదు. చావు, జరగడం, పడడం వాటంతట అవి అయ్యేవి. ఒకరు ఇంకొకరికి చేసేవి కావు. ఒకరు దొంగిలిస్తే సైకిలు పోతుంది, ఒకరు పట్టుకుంటే మనిషి దొరుకుతాడు. అలాంటి క్రియల దగ్గరే 'గాట్' పక్కన స్టోలెన్, కాట్ లాంటి క్రియ మూడో రూపం నిలబడుతుంది.

పెళ్లి మాట వచ్చింది కాబట్టి, అంటే రాలేదు గానీ ఇంటర్వ్యూలో వస్తుంది, అదీ చెబుతాను. "ఐ యామ్ మ్యారీడ్" అంటే నాకు పెళ్లయి ఉంది. "ఐ గాట్ మ్యారీడ్ ఇన్ మే" అంటే మే నెలలో పెళ్లయింది. "ఐ యామ్ గెటింగ్ మ్యారీడ్" అంటే చేసుకోబోతున్నాను. ఫలానా వాళ్లతో అనడానికి 'విత్' పెట్టకండి, 'టు' పెట్టాలి. తెలుగులో 'తో' ఉంది కదా అని చెయ్యి 'విత్' వైపు పోతుంది.

ఇప్పుడు అసలైనది, మీ రెండో వాక్యం. "ఐ రిపేర్డ్ మై ఫోన్ ఇన్ ద షాప్" అంటే మీరు దుకాణంలో కూర్చుని, స్క్రూ డ్రైవర్ పట్టుకుని, మీ ఫోన్ మీరే బాగు చేసుకున్నారని అర్థం. మీరు చెప్పదలచుకున్నది బాగు చేయించానని. తెలుగులో 'చేయు'కి 'ఇంచు' తగిలిస్తే పని ఇంకొకరి చేతికి వెళ్లిపోతుంది. కుట్టించాను, రాయించాను, దిద్దించాను, వేయించాను. ఒడియాలో 'కొరాఇలి', హిందీలో 'కర్వాయా'. మనకి తెలిసిన మూడు భాషల్లోనూ ఈ పని క్రియ తోకే చూసుకుంటుంది. ఇంగ్లీషుకి ఆ తోక లేదు. దాని బదులు 'గెట్'ని తెచ్చి ముందు పెట్టుకుంది. "ఐ గాట్ మై ఫోన్ రిపేర్డ్." వరస చూడండి. గాట్, తర్వాత వస్తువు, తర్వాత క్రియ మూడో రూపం. ఈ వరస తప్పితే అంతా తప్పుతుంది. "ఐ గాట్ రిపేర్డ్ మై ఫోన్" అనకూడదు.

దీంట్లో తేడా వస్తే ఎంత దూరం పోతుందో ఒకటి చెబుతాను. మా కుర్రాడొకడు రెసిడెన్స్ సర్టిఫికెట్ కోసం ఫారం పట్టుకుని తిరుగుతున్నాడు. పని ఎంతవరకు వచ్చిందో ఇంగ్లీషులో చెప్పమన్నాను. "సర్, ఐ సైన్డ్ ద ఫారం బై సర్పంచ్" అన్నాడు. విన్నవాడికి ఏం అర్థమవుతుంది? సంతకం పెట్టింది వీడే. 'బై' అంటే పక్కన అని కూడా ఉంది కాబట్టి, సర్పంచ్ పక్కన కూర్చుని మరీ పెట్టాడు! వాడికి ఈ మాట విప్పి చెబితే వాడే ముందు నవ్వాడు. చెప్పాల్సింది "ఐ గాట్ ద ఫారం సైన్డ్ బై ద సర్పంచ్". ఫారం మీద సంతకం పెట్టించాను అని. సర్పంచ్‌ని బతిమాలి, నాలుగుసార్లు ఇంటి చుట్టూ తిరిగి పెట్టించాను అని చెప్పాలంటే "ఐ గాట్ ద సర్పంచ్ టు సైన్ ద ఫారం". ఈ రెండోదాంట్లో మనిషి ముందుకొచ్చాడు, వెనక 'టు' వచ్చింది. ఒప్పించి చేయించిన వాసన దీనిలో ఉంటుంది. 'హ్యావ్' పెట్టి చెబితే 'టు' ఉండదు, "ఐ హ్యాడ్ హిమ్ సైన్ ద ఫారం". అది మన కింద పనిచేసేవాళ్లతో చేయించినట్టు ఉంటుంది, సర్పంచ్ దగ్గర చెల్లదు.

క్షవరం కూడా ఇంతే. "ఐ కట్ మై హెయిర్" అంటే కత్తెర మీ చేతిలోనే ఉందనుకుంటారు. "ఐ గాట్ ఎ హెయిర్‌కట్" అనేస్తే గొడవ లేదు. మీ రిసెప్షన్ పనిలో ఈ చేయించుడు వాక్యాలు తెల్లారితే కావాలి. రక్తపరీక్ష చేయించుకోండి, ఎక్స్‌రే తీయించుకోండి, చీటీ మీద స్టాంపు వేయించుకోండి. "ప్లీజ్ గెట్ యువర్ బ్లడ్ టెస్టెడ్", "గెట్ యాన్ ఎక్స్‌రే డన్", "గెట్ దిస్ స్టాంప్డ్ ఎట్ ద కౌంటర్". ఈ మూడూ బట్టీ పట్టినా తప్పులేదు.

ఇక ఊళ్లూ బళ్లూ. పక్కన 'టు', ఆ తర్వాత ఊరి పేరు ఉంటే చేరుకోవడం. "వుయ్ గాట్ టు నౌపడ ఎట్ సిక్స్." హోమ్, హియర్, దేర్ ముందు మాత్రం 'టు' పెట్టకూడదు. గాట్ హోమ్, గాట్ దేర్. ఎవరైనా "హౌ డు ఐ గెట్ టు ద బస్టాండ్?" అంటే బస్టాండ్‌కి ఎలా వెళ్లాలని. మాట అదే 'గెట్ టు' అయినా వెనక ఊరు కాకుండా క్రియ ఉంటే సంగతి మారిపోతుంది. అప్పుడు అవకాశం దొరకడం. "ఐ గెట్ టు సీ మై మదర్ ఓన్లీ ఎట్ సంక్రాంతి." సంక్రాంతికి తప్ప అమ్మని చూసే వీలు దొరకదు అని.

ఎక్కడం దిగడం దగ్గర ఒక్క గుర్తు చాలు. లోపల లేచి నిలబడి నడవగలిగే బండి అయితే గెట్ ఆన్, గెట్ ఆఫ్. బస్సు, రైలు, విమానం. వంగి దూరాల్సిన బండి అయితే గెట్ ఇన్, గెట్ అవుట్ ఆఫ్. కారు, ఆటో. మోటారు సైకిలు మీద కూర్చుంటాం కాబట్టి దానికీ ఆన్, ఆఫ్‌లే. మా నౌపడ-గుణుపురం లైను 1900లో మొదలైనప్పుడు బుల్లి నేరో గేజు రైలు, అయినా అప్పుడూ దానికి ఆన్, ఆఫ్‌లే.

'గెట్' పక్కన చిన్న మాటలు చేరి పుట్టించే అర్థాలు ఇంకా చాలా ఉన్నాయి. అన్నీ ఒకేసారి మీదేసుకోకండి. మీ ఉద్యోగానికి పనికొచ్చేవి ముందు పట్టుకోండి. ఫోన్ చేస్తే లైను కలవలేదనడానికి "ఐ కుడ్ నాట్ గెట్ త్రూ". అదే 'గెట్ త్రూ' పరీక్ష దగ్గర వాడితే గట్టెక్కడం. కనుక్కుని మళ్లీ ఫోన్ చేస్తానండీ అనడానికి "ఐ విల్ గెట్ బ్యాక్ టు యు". మన ఆఫీసుల్లో దీనికి 'రివర్ట్' అంటుంటారు, బయటి దేశాల వాళ్లకి అది వెనకటి స్థితికి పోవడంలా వినిపిస్తుంది. జబ్బు నుంచి కోలుకోవడం 'గెట్ ఓవర్'. ఉన్నదాంతో నెట్టుకురావడం 'గెట్ బై'. పొత్తు కుదరడం 'గెట్ అలాంగ్'. తప్పు చేసి కూడా శిక్ష పడకుండా తప్పించుకోవడం 'గెట్ అవే విత్'. ఇది ఒక్కటి కొంచెం కొరుకుడు పడదు, తర్వాత చూసుకోవచ్చు.

'అర్థమైంది' సంగతి. "ఐ గాట్ ఇట్", "ఐ డోంట్ గెట్ ఇట్". మనవాళ్లు "ఐ యామ్ నాట్ గెటింగ్ యు" అంటారు. దేశంలో ఎక్కడన్నా అర్థమవుతుంది, కానీ ఇంగ్లండు వాడికి వింతగా ఉంటుంది. ఇక "ఐ హ్యావ్ గాట్ టూ బ్రదర్స్" అంటే ఇద్దరు అన్నదమ్ములు ఉన్నారని మాత్రమే, ఎక్కడినుంచో తెచ్చుకున్నారని కాదు. "ఐ హ్యావ్ గాట్ టు గో" అంటే వెళ్లాలి. ఈ రెండు చోట్లా 'గాట్' తన పని మానేసి 'హ్యావ్'కి తోడు మాత్రం నిలబడింది. అమెరికా వాళ్లు 'గాటెన్' అంటే కంగారు పడకండి, అది 'గెట్' మూడో రూపమే. ఇంగ్లండులో అది వాడుక నుంచి జారిపోయినా 'ఫర్‌గాటెన్'లో ఇంకా బతికే ఉంది.

నేర్చుకునే పద్ధతి అడిగారు. నోటు పుస్తకంలో ఎడమవైపు 'గెట్', కుడివైపు యాభై తెలుగు అర్థాలు రాసుకునే పని మానేయండి. అర్థాలు కాదు, వాక్యాలు పోగెయ్యండి. ఈ పర్లాకిమిడిలోనే రాజావారి బడిలో పంతులుగా చేసిన గిడుగు రామమూర్తి గారు, కొండల మీది సవరల భాష నేర్చుకోవడానికి చూద్దామంటే పుస్తకమే లేదు. సవర తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని, వాళ్లు మాట్లాడింది మాట్లాడినట్టు విని రాసుకుంటూ నేర్చుకున్నారు. ఆ తర్వాత ఆ భాషకి నిఘంటువులు కూడా ఆయనే కట్టారు. ముందు విన్న మాట, తర్వాత నిఘంటువు. మీకు ఇంగ్లీషు మాట్లాడే మనిషిని ఇంట్లో పెట్టుకునే అవసరం లేదు, ఫోన్ ఉంది. ఏదైనా ఇంటర్వ్యూ వీడియో పెట్టుకుని, 'గెట్' వినబడిన ప్రతి వాక్యం పూర్తిగా రాసుకోండి. పక్కన తెలుగు రాసేటప్పుడు పొందు అని రాయకండి. అదే మాట మీ అమ్మగారితో చెప్పాల్సి వస్తే ఏమంటారో అది రాయండి. వచ్చింది అంటారా, పోయింది అంటారా, చేయించాను అంటారా అన్నది తేలితే సగం పని అయిపోతుంది. మిగతా సగంలో చేరడం, ఎక్కడం, దిగడం, ఆ చిన్న మాటల గుంపు ఉంటాయి. అవి వాడకంలోనే వస్తాయి.

ఇంకో మాట. రాతలో 'గెట్' తగ్గించండి. అప్లికేషన్‌లో "ఐ గాట్ యువర్ లెటర్" కన్నా 'రిసీవ్డ్' బాగుంటుంది, "గాట్ ద సర్టిఫికెట్" కన్నా 'అబ్టెయిన్డ్'. నోటి మాటలో మాత్రం ఇవి పెట్టారంటే కచేరీ కాగితం చదివినట్టు ఉంటుంది. మనవాళ్లు తరచుగా దీన్ని తిరగేసి చేస్తారు. మాటలో 'అబ్టెయిన్', ఉత్తరంలో 'గాట్'.

మీ మూడో వాక్యం మిగిలింది. "గాట్ డౌన్ ఫ్రమ్ ద ట్రైన్" అని మన దేశంలో అందరూ అంటారు, దిగడం అంటే కిందికి రావడమే కదా మనకి. ఒడియా వాళ్లూ అంతే. విశాఖలో ఇంటర్వ్యూ చేసేవాళ్లూ అలాగే అంటారు కాబట్టి దీనికి ఉద్యోగం పోదు. అయినా సరైనది 'గాట్ ఆఫ్'. "ఎలా వచ్చారమ్మా?" అని అడిగితే, గుణుపురం నుంచి విశాఖ పాసింజర్ ఎక్కి ఉంటారు కాబట్టి, "ఐ గాట్ ఆన్ ద ట్రైన్ ఎట్ గుణుపూర్ అండ్ గాట్ ఆఫ్ ఎట్ విశాఖపట్నం" అనండి. రైలు ఆలస్యమైతే దానికి "వుయ్ గాట్ లేట్" అనొద్దు, "ద ట్రైన్ వాజ్ లేట్" చాలు.